పారిసునగర వీథీచిత్రము – లోపవిచారము

క్రీ. శ. 1838వ సంవత్సరమున డాగేరు అను నతఁడు పారిసునగరమందలి తన డయోరామా భవనమునుండి 'బులెవార్ ద్యు తాంప్ల్' అను రాజవీథిని వెండిపూఁత గల రాగిరేకుమీఁదఁ జిత్రించెను. మనుష్యరూపము గానవచ్చు ఛాయాచిత్రములలో నిదియే మొదటిదని పలువురు విమర్శకుల మతము. రేకునకు అయొడిను ధూమము పట్టించి, వెలుఁగు సోఁకించి, పాదరసపుటావిరిచే రూపమును వ్యక్తపఱచుట యాతని ప్రక్రియ. ఆ రహస్యము 1839 ఆగష్టు 19వ తేదిని వెల్లడింపఁబడెను.

నే నీ చిత్రముయొక్క ప్రతిని మొదటఁ జూచినపుడు తెల్లవాఱుజామునఁ దీసినదిగాఁ దలఁచితిని. ఎత్తైన యిండ్లు, బారులు దీర్చిన చెట్లు, విశాలమైన బాట. బండి లేదు, గుఱ్ఱము లేదు. ఒక మూల నొక్క మనుష్యుఁడు మాత్రము కాలెత్తి నిలిచియున్నాఁడు. అతని పాదములచెంత జోళ్ళు మెఱయించువాఁడు వంగియున్నాఁడు. పట్టణ మింకను నిద్ర లేవలేదని శిష్యులకుఁ జెప్పితినిగూడ. అది నా ప్రమాదము. ఆ చిత్రము ఉదయ మెనిమిది గంటలకుఁ దీయఁబడినది. ఆ వీథి నాటకశాలలకుఁ బ్రసిద్ధము. అచ్చటి నాటకములందు హత్యలును దొంగతనములును మెండగుటచే జనులు దానిని 'నేరముల వీథి' యని పరిహసించుచుండిరి. అట్టిచోటు ప్రొద్దెక్కినను శూన్యముగా నుండునా? రేకు వెలుఁగును గ్రహించుటకుఁ గొన్ని నిమిషములు పట్టెడిది. అంతసేపు కదలక నిలిచినవే రూపము దాల్చినవి. తక్కిన బండ్లును జనులును రేకుపై నిలువక జాఱిపోయిరి.

శబ్దశాస్త్ర మభ్యసించినవారి కిది క్రొత్తగాదు. పాణిని కానరాకుండుటకు లోపమని పేరిడెనే కాని లేకుండుటకుఁ గాదు. 'అగ్నిచిత్' అను పదమున క్విప్ప్రత్యయ మొక్క యక్షరమైన మిగులక లోపించినను, తన్నిమిత్తమైన తుగాగమము తకారరూపమున నిలిచి దాని యునికిని జాటుచున్నది. మన చిత్రమందలి జోళ్ళవాఁ డా తకారమువంటివాఁడు. నడచువారే లేని వీథిలో నతఁడు పెట్టె వేసికొని యేల కూర్చుండును? ధూళి రేఁపు బండ్లు లేకున్న నాతనితో నెవ్వరికిఁ బని?

తంతివార్తాయంత్రమును నిర్మించిన అమెరికాదేశీయుఁడు మోర్సు 1839 మార్చిలో డాగేరు చిత్రములఁ జూచి తన సోదరునకు వ్రాసెను. జోళ్ళు తుడిపించుకొనువాని పాదములు స్పష్టముగాఁ బడెననియు, కదలుటచే శిరస్సును మొండెమును బడవయ్యెననియు నాతఁడు గమనించెను. అనఁగా నిలిచినవానియందును గొంత లోపమే.

శాసనములఁ జదువునపు డీ వివేకము మనకుఁ జాల నవసరము. దాత పేరును, పొలము నెల్లలును ఱాతిపై నిలిచినవి. ఆ ఱాతిని మోసి తెచ్చిన బండివాఁడు శాసనమునఁ గానరాఁడు. కానరాఁడని లేఁడందుమా? లేఁడని వ్రాసిన చరిత్రకారులు లేకపోలేదు.

మఱియొక హెచ్చరిక. ఈ చిత్రమున కుడియెడమలు అద్దమునందువలె తాఱుమాఱైనవి. స్థలనిర్ణయము సేయువాఁడు త్రిప్పి చూడవలయును. డయోరామా భవనము 1839 మార్చి 8వ తేదిని దగ్ధమయ్యెను. ఆ వీథిలోని నాటకశాలలలోఁ బెక్కులు 1862లోఁ గూల్పఁబడెను. డాగేరు బవేరియా రాజగు మొదటి లూడ్విగునకుఁ గానుకగాఁ బంపిన యా రేకు మ్యూనిక్కు నగరమున నున్నది కాని, యిరువదవ శతాబ్దిలో శుభ్రపఱపఁబోవఁగా దానియందలి రూపము చెడిపోయినది. అంతకుఁ బూర్వము తీసియుంచిన ప్రతులవలననే నేఁ డా జోళ్ళవానిని మనము చూడఁగలుగుచున్నాము.