నాగులేటి నీరు, నాపరాయి

పల్నాటి సీమను ఎగతాళి చేయు చాటుపద్య మొకటి శ్రీనాథుని పేర వాడుకలో నున్నది. అందు నాగులేటి నీటిని, నాపరాళ్లను కవి ఒక్కచోటనే పేర్కొన్నాడు. కవి హాస్యమునకు చేర్చిన ఆ రెంటికిని ప్రకృతిలో కార్యకారణ సంబంధము కలదు.

నాగులేరు కారెంపూడి, దాచేపల్లిల మీదుగా ఉత్తరముగా సాగి కృష్ణలో కలియును. వానకాలమున ఒక్కపూటలో పొంగును. వేసవిలో ఇసుక, రాళ్లు మాత్రమే మిగులును. ఇట్లేల?

వాన లేని దినములలో ఏటికి నీరిచ్చునది భూగర్భజలము. పల్నాటి అడుగున విస్తారముగా పరచుకొనియున్నది సున్నపురాయి. కోట్లకొలది సంవత్సరముల క్రిందట సముద్రపుటడుగున పొరలుగా పేరుకొన్న ఈ రాయియే నాపరాయి. ఇది ఇసుకరాతివలె కణముల నడుమ నీటిని దాచుకొనజాలదు. నీరు పగుళ్ల వెంటనే లోనికి దిగవలెను. వాననీరు బొగ్గుపులుసు వాయువును కరగించుకొని స్వల్పముగా ఆమ్లగుణము పొంది, ఆ పగుళ్లను మెల్లమెల్లగా వెడల్పు చేయును. అందుచే ఒక బావి నిండియుండగా ప్రక్కబావి ఎండియుండవచ్చును. నాపరాతిపై సజల హైడ్రోక్లోరికామ్లము ఒక చుక్క వేసినచో నురగ వచ్చును. అప్పుడు వెలువడునది ఈ వాయువే.

ఇదే రాయి క్రీ. శ. 3, 4 శతాబ్దులలో నాగార్జునకొండ శిల్పుల చేత బుద్ధుని కథ చెప్పినది. నేడు పిడుగురాళ్ల బట్టీలలో కాలి సున్నమగుచున్నది.

గురజాల నలగామరాజునకు, మాచర్ల మలిదేవరాజునకు 1182 ప్రాంతమున జరిగిన యుద్ధము ఈ ఏటి ఒడ్డుననే, కారెంపూడిలో ముగిసినది. అచ్చట ఏటేట కార్తికమాసమున వీరుల ఆయుధములకు పూజలు జరుగును.

1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసెను. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడిచెను. కుడికాలువ చేరిన మేర జొన్నచేలు వరిమళ్లైనవి. అయినను జలాశయము నిండని ఏడు కాలువయు వెలవెలపోవును. కాలువ అందని మెట్టకు నేటికిని వానయే దిక్కు.

వరదనీరు కొద్ది గంటలలో కృష్ణకు పోవుచున్నది. వాగులకు చిన్న అడ్డుకట్టలు కట్టి ఆ నీటిని కొన్ని దినములు నిలిపినచో, పగుళ్ల వెంట దిగి బావులకు చేరును. నీటిని నిలువనీయని రాతికి కావలసినది ఆ వ్యవధియే.