కారు దర్జాకు ఓట్లు

కారు ఎంత వేగంగా పోతుందో మీటరు చెబుతుంది. లీటరుకు ఎంత దూరం వస్తుందో పెట్రోలు బంకు లెక్క చెబుతుంది. ఎంత దర్జాగా ఉందో చెప్పే పరికరం మాత్రం లేదు. నలుగురూ చూసి చెప్పాల్సిందే. ఆ నలుగురూ ఎవరన్నది కాలంతో పాటు మారుతూ వచ్చింది. మొదట సంపన్నులు, తర్వాత పత్రికల వాళ్లు, చివరికి కార్లంటే మోజున్న మామూలు జనం తీర్పరులయ్యారు. తీర్పరులు మారేకొద్దీ గెలిచే కారూ మారింది.

ఈ వేడుక కారు కన్నా పాతది. 17వ శతాబ్దంలో ఫ్రెంచి ప్రభువర్గం వేసవి రోజుల్లో పారిస్ ఉద్యానవనాల్లో గుర్రపు బగ్గీలను ఊరేగించి, ఎవరి బండి సొగసైనదో చూసుకునేది. గుర్రాలు పోయి ఇంజన్లు వచ్చినా పేరు నిలిచింది: కాంకూర్ డెలెగాన్స్, అంటే సొగసు పోటీ. ఇటలీలో కోమో సరస్సు ఒడ్డున విల్లా డెస్టేలో 1929లో, అమెరికాలో కాలిఫోర్నియా తీరాన పెబుల్ బీచ్‌లో 1950లో ఇలాంటి పోటీలు మొదలయ్యాయి. పెబుల్ బీచ్‌లో తొలి ఏళ్లలో కొత్త కార్లే గెలిచేవి. 1955లో రేసు డ్రైవరు ఫిల్ హిల్ తెచ్చిన 1931 నాటి పియర్స్ యారోకు అగ్ర బహుమతి దక్కింది. అప్పటి నుంచి పాత కారును తొలినాటి రూపానికి తేవడమే ఈ పోటీల్లో ప్రధానమైంది.

రెండో దశ పత్రికలది. అమెరికాలో మోటార్ ట్రెండ్ పత్రిక 1949లో కాడిలాక్‌ను ఆ ఏటి మేటి కారుగా ప్రకటించింది. యూరప్ పత్రికలు కలిసి 1964లో ఇచ్చిన తొలి బహుమతి రోవర్ 2000కు వెళ్లింది. యూరప్ జ్యూరీలో ఒక్కొక్కరి చేతిలో 25 మార్కులుంటాయి. వాటిని కనీసం అయిదు కార్లకు పంచాలి. ఏ కారుకూ 10కి మించి వేయకూడదు. ఒకే కారు మీద మోజుతో మార్కులన్నీ దానికే పోయకుండా పెట్టిన కట్టడి ఇది.

మూడో దశలో జనం కూడా చేరారు. నామినేషన్లూ వడపోతలూ ఓట్లూ కలిసి అసలైన ఎన్నికలా జరిగింది 20వ శతాబ్దపు మేటి కారు ఎంపిక. మొదట 700 కార్ల జాబితా తయారైంది. నిపుణులు దాన్ని 200కూ, ఆ తర్వాత 100కూ తగ్గించారు. అక్కడి నుంచి రెండు పెట్టెల్లో ఓట్లు పడ్డాయి. పాత్రికేయుల జ్యూరీ 25 కార్లను ఎంచింది. ఇంటర్నెట్‌లో జనం పదింటిని ఎంచారు. జనం ఎంచిన పదిలో తొమ్మిది అప్పటికే జ్యూరీ జాబితాలో ఉన్నాయి. కొత్తగా చేరింది ఒక్కటే కావడంతో తుది జాబితా 26 కార్లయింది. వాటిలో అయిదు చివరి పోటీకి నిలిచాయి. 1999 డిసెంబరులో అమెరికాలోని లాస్ వేగాస్‌లో ఫలితం చెప్పారు. ఫోర్డ్ మోడల్ టీకి 742 మార్కులు, బ్రిటన్ మినీకి 617, ఫ్రాన్స్ సిట్రోయెన్ డీఎస్‌కు 567, జర్మనీ ఫోక్స్‌వాగన్ బీటిల్‌కు 521, పోర్షే 911కు 303 వచ్చాయి.

ఆ వరుసను గమనిస్తే తీర్పులోని మార్పు తెలుస్తుంది. మోడల్ టీ సొగసుకు పేరుపడ్డ కారు కాదు. 1914 నుంచి 1925 వరకు నలుపు రంగులో తప్ప దొరికేది కాదు. కానీ 1908–1927 మధ్య కోటిన్నర దాకా తయారై, కారును సామాన్యుడి గుమ్మంలోకి తెచ్చింది. బీటిల్ రెండు కోట్లు దాటింది. మొదటి అయిదింటిలో ఖరీదైన స్పోర్ట్స్ కారు పోర్షే ఒక్కటే. దానిది చివరి స్థానం.

2002లో కొత్త రూపంతో మొదలైన బీబీసీ టాప్ గేర్ కార్యక్రమం ఇదే తంతును హాస్యంగా మార్చింది. జెరెమీ క్లార్క్‌సన్, రిచర్డ్ హామండ్ కార్ల ఫొటోలు పట్టుకుని, చుట్టూ నిలబడ్డ ప్రేక్షకులతో వాదిస్తూ గోడకు అంటించేవారు. ఆ గోడ మీద బొత్తిగా కూల్ కానివి మొదలు కూల్‌ను మించినవి దాకా నాలుగు అరలుండేవి. ఇంజను బలం, ధర లెక్కలోకి వచ్చేవి కావు. ఆ కారు నడిపేవాణ్ణి చూసి లోకం ఏమనుకుంటుందన్నదే కొలత.

తెలుగు నేల మీద కారు దర్జా మొదట నిజాం కొలువులో కనిపిస్తుంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ సింహాసనం లాంటి ఎత్తు సీటుతో పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌ను చేయించమన్నాడు. అది చేతికందక ముందే 1911 ఆగస్టులో కన్నుమూశాడు. ఏడో నిజాం హయాంలో అది 400 మైళ్లు కూడా తిరగలేదు. ఇప్పుడు చౌమహల్లా ప్యాలెస్‌లో సందర్శకులు చూస్తున్నారు. శతాబ్దపు కారు పోటీలో తుది 26లో సిల్వర్ ఘోస్ట్ కూడా ఉంది. చివరి అయిదింటి దాకా మాత్రం రాలేదు.

స్వతంత్ర భారతంలో పాత కార్లకు వేదిక కట్టింది ది స్టేట్స్‌మన్ పత్రిక. అది 1964లో ఢిల్లీలో వింటేజ్ కార్ల ర్యాలీ ప్రారంభించింది. 2021లో కేంద్రం మోటారు వాహనాల నిబంధనలు సవరించి, యాభై ఏళ్లు దాటి తొలినాటి రూపం చెడని బండ్లకు వీఏ అక్షరాలతో ప్రత్యేక నంబర్లు ఇచ్చే ఏర్పాటు చేసింది. కొత్త కార్లకు మోటారు పాత్రికేయులు ఓట్లేసే ఇండియన్ కార్ ఆఫ్ ది ఇయర్ 2006లో మారుతి స్విఫ్ట్‌తో మొదలైంది. 2010లో ఆ బహుమతి టాటా నానోకు వచ్చింది. జ్యూరీ మెచ్చినా కొనేవాళ్లు తగినంతమంది లేక 2018లో నానో తయారీ ఆగింది.

ఈ పోటీలేవీ కోనసీమ దాకా రాలేదు. అక్కడ చూసి మెచ్చుకునే పద్ధతి వేరు. కనుమ నాడు జగ్గన్నతోటలో ఏకాదశ రుద్రుల ప్రభలు, అంటే అలంకరించి మోసుకొచ్చే ఎత్తైన చట్రాలు, కొలువు తీరితే, ఏ ఊరి ప్రభ ఎంత ఘనంగా వచ్చిందో జనమే చూసుకుంటారు. మార్కుల కాగితం ఉండదు. బండి సత్తా తేల్చేది మాత్రం దారి. గోదావరి పాయల మధ్య ఉన్న ముమ్మిడివరం నుంచి యానాం వైపు వెళ్లాలంటే ఒకప్పుడు ఎదుర్లంక రేవులో పంటు (బండ్లనూ మనుషులనూ నది దాటించే పడవ) ఎక్కాల్సిందే. ముమ్మిడివరం శాసనసభ్యుడిగానూ, తర్వాత లోక్‌సభ స్పీకరుగానూ పనిచేసిన జి.ఎం.సి. బాలయోగి పేరుతో అక్కడ వంతెన వచ్చాక ఆ అవసరం తీరింది. కోటిపల్లి, ముక్తేశ్వరం రేవుల మధ్య నది దాటింపు పంటు మీదే సాగుతూ వచ్చింది.

అలాంటి దారులకు సరిపడ్డ కారు అంబాసిడర్. బ్రిటన్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాతో హిందుస్తాన్ మోటార్స్ దీన్ని బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో తయారు చేసింది. మందమైన రేకు, గుంతలను ఓర్చే స్ప్రింగులు, కుటుంబమంతా పట్టే వెనక సీటు, పెద్ద డిక్కీ, ఏ చిన్న షెడ్డులోనైనా విప్పి బిగించగల ఇంజను దాని బలాలు. ప్రభుత్వ కార్యాలయాల్లోనూ టాక్సీ స్టాండుల్లోనూ దశాబ్దాల పాటు అదే నిలిచింది. 2013లో టాప్ గేర్ ప్రపంచ టాక్సీలను పోటీకి నిలిపినప్పుడు అంబాసిడరే గెలిచింది. మరుసటి ఏడాది, 2014 మే నెలలో, ఉత్తర్‌పారా కర్మాగారంలో దాని తయారీ ఆగిపోయింది.