బోరు పాయింటు నుంచి నానో ఇంకు దాకా

జగిత్యాల, కోరుట్ల చెలకల్లో బోరు వేయించే ముందు పాయింటు చూడటానికి రెండు దారులు. ఒకటి అరచేతిలో కొబ్బరికాయ పట్టుకుని నడవడం, రెండోది నేలలో వరసగా నాలుగు ఇనుప కడ్డీలు దిగ్గొట్టి మీటరు పెట్టడం. కొబ్బరికాయ సంగతి నమ్మేవాళ్లకే వదిలేద్దాం. వెండి నానో రేణువులో గ్రాఫీనో కలిపిన ఇంకుతో ప్లాస్టిక్ మీద కరెంటు దారులు అచ్చువేసే ల్యాబుల్లో ఓ ముఖ్య పరికరం ఈ కడ్డీల వంశానిదే. నానో అనగానే అంతా కొత్త యంత్రాలే అనుకుంటాం గానీ, ఆ బల్ల మీది సామానులో చాలావరకు వేరే వృత్తుల నుంచి అరువొచ్చిందే.

1915 ప్రాంతంలో అమెరికాలో ఫ్రాంక్ వెన్నర్ నేల నిరోధాన్ని కొలిచే ఈ పద్ధతిని వివరించాడు. బయటి రెండు కడ్డీల గుండా కరెంటు పంపి, లోపలి రెంటి మధ్య ఓల్టేజి చూస్తారు. రెండే కడ్డీలైతే కడ్డీకీ మట్టికీ మధ్య ఉన్న నిరోధం కూడా లెక్కలో కలిసిపోతుంది; నాలుగైతే ఆ బెడద లేదు. ఎండు గ్రానైటు కరెంటును అడ్డుకుంటుంది, నీరూరిన పగుళ్లు పోనిస్తాయి. 1954లో ఎల్.బి. వాల్డెస్ ట్రాన్సిస్టర్లకు వాడే జెర్మేనియం మీద ఇదే సూత్రాన్ని నాలుగు సూదులతో పనిచేయించాడు. ఆరిన ఇంకు పొర మీద కూడా ఇప్పుడు మిల్లీమీటరు ఎడంతో ఆ సూదులే దించుతారు. ఓల్టేజిని కరెంటుతో భాగించి 4.53తో గుణిస్తే పొర నిరోధం తేలుతుంది. పొర వెడల్పుగా ఉంటేనే సుమా. సన్నగీత మీద ఆ అంకె చెల్లదు.

ఇంకు చిక్కదనం కథా ఇంతే. సిరిసిల్లలో నూలు పడుగుకు పట్టించే గంజి పలచనైతే సాంచె మీద పోగు నూగులేచి తెగుతుంది, చిక్కనైతే బిరుసెక్కుతుంది. అడుగున చిల్లున్న గిన్నెలో ద్రవం పోసి, కారిపోయేదాకా సెకన్లు లెక్కపెట్టడం రంగుల వాళ్ల పాత పరీక్ష; ఇంకుకూ అదే. లోతు తగ్గుతూ పోయే గాడి ఉన్న ఉక్కు దిమ్మ మీద ఇంకుచుక్క లాగి, నలుసులు ఎక్కడ మొదలయ్యాయో చూడటమూ పెయింటు వాళ్లదే.

మరి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు మాటేమిటని అడగొచ్చు. నిజమే, 1931లో రుస్కా, నోల్ మొదలుపెట్టిన ఆ పనికి ఏ చేతివృత్తిలోనూ పోలిక లేదు. అయితే అది ముఖ్యంగా చూపేది రేణువు సైజును. ఇంకు చెడేది మాత్రం ఎక్కువగా రేణువులు గుంపుకట్టి అచ్చుయంత్రం ముక్కు మూసుకుపోవడం వల్ల, ఆరేటప్పుడు పొర పగలడం వల్ల. వీటిని పట్టుకోవడానికి చాలావరకు పాత సామానే చాలు. కొండగట్టు దగ్గర నాచుపల్లి జేఎన్టీయూ కాలేజీలాంటి చోట ఈ పరీక్షలు మొదలుపెట్టడానికి కోట్ల యంత్రం కోసం ఆగనక్కర్లేదు; మైక్రోస్కోపు అవసరమైన నమూనాను హైదరాబాద్ పంపితే చాలు.