మెస్రం: ఒక ఇంటిపేరు కథ

ఉట్నూర్ ఏజెన్సీలోని సంఘాలకు వెళ్లినప్పుడు మెస్రం అనే ఇంటిపేరు మాకు తరచుగా వినబడుతుంది. మైదాన ప్రాంతపు విశ్వాసులలో చాలామందికి ఈ పేరు కొత్త. అందుకే దాని గురించి మేము తెలిసికొన్న సంగతులు ఈ వారం పాఠకుల ముందుంచుతున్నాము.

మెస్రం రాజ్‌గోండుల వంశనామము. గోండు సమాజంలో నాలుగు ‘సగ’లున్నాయి. అవి నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల వర్గాలు. ఒక్కొక్క సగలో అనేక ఇంటిపేర్లు ఉంటాయి. మెస్రం వారిది ఏడు దేవతల సగ. ఒకే సగలోని వారందరూ అన్నదమ్ముల వరుస గనుక వారిలో వారికి పెళ్లి కుదరదు. ఇంటిపేరు చెప్పగానే ఎవరు వియ్యానికి తగుదురో పెద్దలకు తెలిసిపోతుంది.

ఈ వంశానికి కేంద్రం ఇంద్రవెల్లి మండలంలోని కేస్లాపూర్. పుష్య అమావాస్యకు జరిగే నాగోబా జాతర బాధ్యత మెస్రం వారిదే. ముందుగా వారు జన్నారం మండలంలోని హస్తినమడుగుకు కాలినడకన వెళ్లి గోదావరి జలం తెస్తారు. వంశంలోకి వచ్చిన కొత్త కోడళ్లను ‘భేటింగ్’లో పరిచయం చేస్తారు.

పాత ఆదిలాబాద్ జిల్లాను దాటితే చంద్రపూర్, యవత్‌మాళ్, నాగపూర్ వైపు ఇదే పేరును మేశ్రామ్ అంటారు. అక్కడ అది గోండులకే చెందినది కాదు, దళిత బౌద్ధ కుటుంబాలలోనూ ఉంది. మన వైపున గోండుల వంశగాథలు పాడే ప్రధానులలోనూ మెస్రం వారున్నారు. కాబట్టి ఇంటిపేరు ఒక్కటే చూచి ఎవరిది ఏ తెగ అని నిర్ణయించరాదు.

వినికిడిని బట్టి రాసే పేర్లు రూపం మారిపోతాయి. 2016లో ఏర్పడిన జిల్లాకు పెట్టిన వీరుని ఇంటిపేరునే కుమురం అనీ కొమరం అనీ రాస్తున్నారు. సామాన్యునికి బడిలో ఒక రకంగా, ఆధార్‌లో మరొక రకంగా ఉంటే కుల ధృవీకరణ వేళ చిక్కు తప్పదు.

కాబట్టి సంఘ కాపరులకు మా మనవి. బాప్తిస్మమప్పుడు కొత్త పేరు పెట్టినా ఇంటిపేరు తీసివేయకండి. ఆ కుటుంబం చెప్పినట్టే, వారి కాగితాలతో సరిచూచి రాయండి. ఎజ్రా గ్రంథం 2వ అధ్యాయంలో, వంశావళిలో తమ పేర్లు కనబడనందున కొందరు యాజకత్వానికి దూరమయ్యారు. మన రిజిస్టరు ఎవరికీ అటువంటి నష్టం కలిగించకూడదు.