అకెమి 52 సంతోషాలు
జపాన్‌లోని ఫుకుయిలో 1812లో ఓ కాగితాల వ్యాపారి ఇంట పుట్టాడు తచిబానా అకెమి. దుకాణం తమ్ముడికి అప్పగించి కవిత్వమే బతుకనుకున్నాడు. పేదరికం వెంట వచ్చింది.

ఆ లేమిలోనే 'దొకురకుగిన్' పుట్టింది. అందులో 52 తంకా పద్యాలు. ప్రతిదీ సంతోషమనే మాటతో మొదలవుతుంది, ఫలానా వేళ అని ముగుస్తుంది. మధ్యలో ఉండేవన్నీ ఇంటి సంగతులే. పొద్దున లేవగానే కంటబడిన కొత్త పువ్వు. ఎప్పుడో గాని వండని చేపల్ని పిల్లలు లొట్టలేసుకుంటూ తినడం. బియ్యం డబ్బా నిండి, ఈ నెలకు దిగుల్లేదనిపించడం. చేతిలో కాసు లేని మనిషి ఇన్ని ఆనందాలను ఏరి దాచుకున్నాడు!

ఈ అలవాటుకు జపాన్‌లో పాత వేళ్లున్నాయి. సుమారు 1000 నాటికే మహారాణి కొలువులో ఉన్న సెయ్ షోనగన్ 'మకురనో సోషి' అనే పుస్తకంలో తన మనసుకు నచ్చినవాటి జాబితాలు రాసింది. కొత్త లోహపు గిన్నెలో తీపి పాకం పోసిన మంచు తురుముకూ అందులో చోటుంది. ఆమె రాసింది రాజమందిరపు సొగసు. అకెమి రాసింది వంటింటి సంబరం.

అకెమి 1868లో కన్నుమూశాడు. 1994లో జపాన్ చక్రవర్తి అకిహితోకు వైట్‌హౌస్‌లో స్వాగతం పలుకుతూ అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ ఉదహరించింది ఆ పువ్వు పద్యాన్నే.