రహదారుల వ్యయము: నాడును నేడును

మార్గరక్షణము మన దేశమున ప్రాచీనకాలమునుండియు రాజధర్మముగా నెన్నబడినది. కర్నూలు మండలమందలి ఎఱ్ఱగుడి శిలాశాసనములలో అశోకుడు బాటల వెంట బావులు త్రవ్వించి చెట్లు నాటించితినని చెప్పుకొనెను. కౌటిల్యుడు గ్రామమార్గమునకు అడ్డుకల్పించినవానికి ఇన్నూరు పణముల దండన విధించెను. బాట వేయుటతో పని ముగియదనియు, దానిని కాపాడుటయు ధర్మమేయనియు పెద్దలెఱుగుదురు.

చెన్నరాజధానిలో రహదారుల కొఱకు ప్రత్యేకముగా సెస్సు విధించుట 1866వ సంవత్సరపు చట్టముతో నేర్పడినది. 1871లో స్థానికనిధుల చట్టము వచ్చి, భూమిపై రూపాయికి ఒక అణా వఱకు సెస్సు గొనుట కధికారమిచ్చెను. టోలుగేట్లయొద్ద బండ్లకు సుంకము వేఱుగ నుండెడిది. 1931లో మోటారు బండ్ల పన్ను చట్టము రాగా ఆ గేట్లు తొలగినవి. అంతకుముందే, 1929లో, పెట్రోలుపై గ్యాలనుకు రెండణాల చొప్పున రహదారి నిధికి చేర్చుట మొదలైనది. రైతు శిస్తుతోడను, బాటసారి సుంకముతోడను సాగిన పని యిట్లు క్రమముగా నూనెపన్నుపై నాధారపడినది.

1943లో ప్రధాన ఇంజనీర్లు నాగపురమున సమావేశమై, ఇరువదియేండ్ల ప్రణాళికకు 448 కోట్ల రూపాయలు అంచనా కట్టిరి. 1961-81 ప్రణాళికకు ఆ యంచనా 5,200 కోట్లాయెను. బాటల పొడవు లక్ష్యము రెట్టింపు కాగా, వ్యయము పదునొకండు రెట్లు మించినది.

ఇందుకు ధరల పెరుగుదల యొక్కటే కారణము కాదు. పూర్వము జల్లి పఱచి, కంకర చల్లి, రోలరు త్రిప్పిన చాలెడిది. నేడు తారు కావలెను. తారు ముడినూనెనుండి వచ్చును గాన, నూనె ధర హెచ్చినప్పుడెల్ల బాట ఖర్చును హెచ్చును. అంతకంటె ముఖ్యమైనది బరువు. 1958-60లో అమెరికాలో జరిపిన పరీక్షలవలన ఒక సంగతి తేలినది: ఇరుసుపై బరువు రెట్టింపైన, బాటకు గలుగు నష్టము రెట్టింపుకాదు, సుమారు పదునాఱు రెట్లగును. మన దేశమున 2018లో ఒంటి ఇరుసు పరిమితిని 10.2 టన్నులనుండి 11.5 టన్నులకు పెంచిరి. బరువున పెరిగినది ఎనిమిదవ పాలు మాత్రమే. ఆ లెక్కను బట్టి నష్టము ఒకటిన్నర రెట్లు దాటును.

ఇక మరమ్మతుల మాట. 85 దేశముల రహదారులను పరిశీలించి ప్రపంచబ్యాంకు 1988లో ప్రకటించిన దేమనగా: సకాలమున 1,200 కోట్ల డాలర్లు వ్యయము చేయనందున రెండు దశాబ్దములలో 4,500 కోట్ల డాలర్ల విలువగల బాటలు నశించినవి. లెక్కలు వ్రాయు నావంటివాని కింతకంటె పెద్దపాఠము లేదు. ఖర్చు చేయక మిగిల్చినదెల్ల పొదుపు కాదు. నిర్మాణమునకు ప్రారంభోత్సవము గలదు, మరమ్మతునకు లేదు. కావుననే నిధులు మొదటిదానివైపే పరువెత్తును.

2000 డిసెంబరు 25న ఆరంభమైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనయందు, బాట వేసిన గుత్తేదారే ఐదేండ్లు దానిని పోషింపవలెనను నియమము గలదు. ఆ ఐదేండ్లు గడచిన పిదపనే అసలు చిక్కు.

చదువరులారా! తారును మనము చౌక చేయజాలము. కాని బాటకు ప్రథమశత్రువు నీరు. ప్రక్కకాలువలు పూడకుండ జూచుటకును, తూములలో చెత్త వేయకుండుటకును గొప్ప నిధులక్కఱలేదు. మఱియొక మనవి: ఏ బాట యెప్పుడు వేసిరో, ఎంత వ్యయమాయెనో, ఎప్పుడు బాగుచేసిరో వ్రాసి యుంచు పుస్తక మొకటి మన గ్రంథాలయమున నుండవలెను. ఆ లెక్క చేతనున్న గ్రామము మరమ్మతును ధైర్యముగ అడుగగలదు.