గంజి చావడి నుంచి ఒప్పంద పత్రం దాకా

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాయమని కార్యదర్శిగారు కోరారు. సబ్ ట్రెజరీలో 35 ఏళ్లు బిల్లులు చూసి 2008లో రిటైరైన గుమాస్తాను నేను. రాజుల చరిత్ర నాకు రాదు. ఈ ఏడాది మా ఇంట్లో అవసరపడిన చరిత్రే రాస్తున్నాను.

సంక్రాంతి వెళ్లిన వారానికి మా ఆవిడ స్నానాలగదిలో జారిపడింది. తుంటి ఎముకకు ఆపరేషను అయింది. లేపి కూర్చోబెట్టడానికి ఇంకో మనిషి సాయం కావాలి. నా చేతులకా 75 ఏళ్లు. పుణెలో ఉన్న అబ్బాయి, హైదరాబాదులో ఉన్న అమ్మాయి ఇద్దరూ తమ దగ్గరకు రమ్మన్నారు. ఆవిడే ఒప్పుకోలేదు. “ఏమండీ, పొద్దున్న ఎనిమిదింటికి వాళ్లు తాళం వేసుకుపోతే సాయంత్రం దాకా ఎవరు లేపుతారు? మనుషులుండే చోటు చూడండి” అంది. అలా వృద్ధాశ్రమాల గడపలు ఎక్కడం మొదలుపెట్టాను.

వృద్ధులకు వేరే నివాసం అన్నది నిన్న మొన్న వచ్చిందనుకుంటాం. మద్రాసులోని మణేగారు చౌల్ట్రీ 1782లో కరువు బాధితులకు గంజి పోసే చావడిగా మొదలైంది. కాలక్రమాన దిక్కులేని ముసలివారి నివాసమయింది. వెంకటగిరి రాజాగారి సత్రం కూడా దానితో కలిసింది. 1839లో ఫ్రాన్సులో జీన్ జుగాన్ అనే ఆవిడ చూపులేని ఒక వృద్ధురాలిని ఇంటికి తెచ్చుకుని తన మంచం ఇచ్చింది. ఆవిడ స్థాపించిన లిటిల్ సిస్టర్స్ ఆఫ్ ది పూర్ సంఘం 1882లో కలకత్తాకు వచ్చింది. తరువాత సికింద్రాబాదులోనూ గృహం నెలకొల్పింది. ఇవన్నీ పుణ్యకార్యాలే, సందేహం లేదు. అయితే అక్కడ చోటు ఏమీ లేనివారికి. దొరికేది పెట్టేవారి దయ వల్ల.

దయ స్థానంలో హక్కు రావడానికి చాలా కాలం పట్టింది. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం తల్లిదండ్రుల పోషణ కొడుకులకూ కూతుళ్లకూ బాధ్యత అన్నది. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షను తల్లిదండ్రులకూ భరణం ఇప్పించింది గాని, నెలకు 500 రూపాయలు మించరాదన్నది. ఆ పరిమితి పోవడానికి 2001 దాకా ఆగవలసి వచ్చింది. మన పెన్షను దయాదానం కాదని, చేసిన సేవకు రావలసిన హక్కని సుప్రీంకోర్టు నకారా కేసులో చెప్పిన తేదీ 17-12-1982. అది మనం ఏటా జరుపుకునే రోజే.

2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం వచ్చింది. జిల్లాకు కనీసం ఒకటి చొప్పున, 150 మంది నిరుపేద వృద్ధులకు తగ్గకుండా ప్రభుత్వాలు ఆశ్రమాలు నెలకొల్ప‘వచ్చును’ అని అందులో ఉంది. ‘వలెను’ అని లేదు. ఆ రెండు మాటల తేడా మనబోటి గుమాస్తాలకు వేరే చెప్పనక్కరలేదు. పైగా అవి నిరుపేదలకు. పెన్షను అందుకునే మనం డబ్బు కట్టి ఉండే చోటే వెతుక్కోవాలి.

మొదట చూసినచోట పాలరాతి నేల, పచ్చిక, గుడి ఉన్నాయి. డిపాజిటు 5 లక్షలు. ఒప్పంద పత్రం చదివి ఇస్తానంటే మేనేజరు, “అందరూ సంతకం పెట్టేశారు సార్” అన్నాడు. ఇంటికి తెచ్చి చదివాను. మంచం పట్టినవారిని, మతిమరుపు ముదిరినవారిని 30 రోజుల్లో కుటుంబసభ్యులు తీసుకుపోవాలని 14వ షరతు. ఏ అవసరానికి వెళ్తున్నామో ఆ అవసరం వచ్చిననాడే బయటికి పొమ్మన్నమాట.

రెండోది పాత భవనం, గదులు చిన్నవి. చెప్పకుండా రాత్రి భోజనాల వేళ వెళ్లాను. స్నానాలగదిలో పట్టుకోవడానికి కమ్మీలున్నాయి. రాత్రి డ్యూటీ మనిషి మెలకువగానే ఉంది. మంచం పట్టిన ఒక పెద్దావిడ చేతి గోళ్లు శుభ్రంగా కత్తిరించి ఉన్నాయి. మరునాడు ఆవిడను కూడా ఆటోలో తీసుకెళ్లి చూపించాను. తిరిగి వస్తూ, “ఇక్కడ చాలండీ” అంది.

ఇక డబ్బు. కమ్యుటేషను కోత 15 ఏళ్లు నిండి 2023లో ఆగింది కనుక పెన్షను చేతికి 46 వేలు వస్తోంది. ఇద్దరికీ ఆశ్రమం 34 వేలు, ఆవిడకు తోడు మనిషికి 9 వేలు. సరిపోయిందనుకున్నాను. రాత్రి నిద్ర పట్టక ఇంకో లెక్క వేశాను. ముందు నేను పోతే? పూర్తి పెన్షను ఆఖరి జీతంలో సగం, ఫ్యామిలీ పెన్షను 30 శాతం. అంటే ఆవిడకు వచ్చేది 27 వేల చిల్లర. ఆవిడ ఒక్కదానికి ఖర్చు 28 వేలు, మందులు కాక. మిత్రులారా, లెక్క మన పెన్షను మీద కాదు, ఫ్యామిలీ పెన్షను మీద వేయాలి.

అందుకే ఇల్లు అమ్మలేదు. అద్దెకిచ్చాను, 8 వేలు వస్తుంది. పిల్లల పేర వీలునామా రాశాను గాని గిఫ్టు డీడు రాయలేదు. మా సహోద్యోగి ఒకరు ఇల్లు కొడుక్కి గిఫ్టుగా రాస్తూ, ‘నన్ను చూసుకోవాలి’ అన్న ముక్క రాయించడానికి మొహమాటపడ్డారు. 2007 చట్టం 23వ సెక్షను కింద ఆస్తి తిరిగి రావాలంటే ఆ షరతు ఉండాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆయన ఇప్పుడు ఆ ఇంటి వసారాలో ఉంటున్నారు.

“నలుగురూ ఏమనుకుంటారు నాన్నా” అని అబ్బాయి బాధపడ్డాడు. లెక్క కాగితం చూపించాను. చాలాసేపు చూసి, మందుల ఖర్చు తాను పంపుతానన్నాడు. వద్దనలేదు.

వచ్చే నెల 15న మారుతున్నాం. అక్కడినుంచి సంఘం ఆఫీసుకు ఆటోలో పావుగంట. మొదటి ఆదివారాల్లో ఎప్పటిలాగే వస్తాను. మీలో ఎవరికైనా అటువంటి ఒప్పందం మీద సంతకం పెట్టవలసి వస్తే, పెట్టకముందే ఆ కాగితం తీసుకురండి. కలిసి చదువుదాం.